ఎక్కిన దారిన దిగని చిన్నాయన

"ఎక్కిన దారినే దిగేదానికి కొండ దాకా ఎందుకు మ్మే, మేడ మెట్లు చాలవా?" అనేవాడు మా చిన్నాయన. గుత్తి కోట ఎక్కిన ప్రతిసారీ ఈ మాట వినాల్సిందే. వినకపోతే నాకు ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఉండేది.

చిన్నాయన రైల్వేలో కీమాన్. ఆ పని తెలియని వాళ్ల కోసం చెప్తాను. పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా తీసుకుని తనకు అప్పగించిన పట్టాల వెంట నడవాలి. పట్టాను దాని కింద అడ్డంగా ఉండే స్లీపరుకు పట్టి ఉంచే బిగింపులు ఎక్కడ వదులయ్యాయో చూసుకుంటూ, కొట్టి సరి చేసుకుంటూ పోవాలి. పోయేటప్పుడు ఒక పక్క పట్టా, వచ్చేటప్పుడు రెండో పక్క పట్టా. ఎండలో, వానలో, చలిలో, ఏళ్ల తరబడి అదే దారి. అందుకే ఆయన అనేవాడు, "దినామూ పోయిన దారినే తిరిగొస్తాను. సెలవు దినమన్నా నన్ను వేరే దారిన దిగనీండి" అని. చిన్నప్పుడు ఆ మాటకు మేము నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

మేము అనంతపురంలో ఉండేవాళ్లం. దసరా సెలవులు ఇవ్వగానే నేను, అన్న గుత్తికి పోయేవాళ్లం. యాభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. బస్సు గుత్తికి దగ్గరవుతుంటే కిటికీలోంచి ముందు కొండ కనపడుతుంది. ఊరు తర్వాత. మిగతా కొండలన్నీ పక్కకు తప్పుకుని దానికి దారి ఇచ్చినట్టు, ఒక్క బండ ఆకాశంలోకి లేచి ఉంటుంది. చుట్టూ నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తు. హిమాలయాలు చూసి వచ్చిన వాళ్లకు అది ఒక లెక్క కాకపోవచ్చు. చదునైన చేల మధ్య పుట్టి పెరిగిన మాకు మాత్రం ఆ 300 మీటర్లే ఆకాశం.

దసరా మరుసటి రోజు కొండకు పోవడం ఇంట్లో ఒక ఆచారం లాగా స్థిరపడింది. అవ్వకు నేను పోవడం ఇష్టముండేది కాదు. "ఆడపిల్లను బండల మీదికి తోలుకుపోతావా, కాలు విరిగితే ఎవరు చేసుకుంటార్రా?" అని చిన్నాయన మీద అరిచేది. అరుస్తూనే సద్ది కట్టేది. సజ్జ రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, ఒక ఉల్లిగడ్డ, కాగితంలో పొట్లం కట్టిన బెల్లం. చిన్నమ్మ ఒక ప్లాస్టిక్ క్యాన్ నిండా నీళ్లు పట్టి ఇచ్చేది. ఆ క్యాన్ మోసే వంతు ఏడాదికొకరిది. నేను, అన్న, చిన్నాయన కొడుకులు ఇద్దరు. నలుగురిలో నేను ఒక్కదాన్నే ఆడపిల్లను కాబట్టి నాకు ఆ వంతు ఇవ్వం అనేవాళ్లు. నేను ఏడ్చి, అలిగి, పోట్లాడి తీసుకున్నాను. దాని కథ తర్వాత చెప్తాను.

కొండ మొదట్లో దొరల సమాధులు ఉన్న తోట ఒకటి ఉంది. చిన్నాయన అక్కడ కాసేపు ఆగేవాడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలైలో మా పక్కనే ఉన్న పత్తికొండలో కలరా వచ్చి చనిపోయాడు. తీసుకొచ్చి ఇక్కడ పూడ్చారు. 1831లో మళ్లీ ఇక్కడి నుంచి తీసి మద్రాసు కోటకు తీసుకుపోయారు. అంతకు ముందు, 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక ఏడేళ్లు మన్రోనే మాకు కలెక్టరు. మా వైపు కొన్ని కుటుంబాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని అవ్వ చెప్పేది. ఇవన్నీ నాకు పెద్దయ్యాక తెలిశాయి. అప్పట్లో చిన్నాయన చెప్పింది ఒక్కటే: "ఇంత పెద్ద దొర, ఒక ఊర్లో సచ్చిపోయి, ఒక ఊర్లో పూడ్చబడి, ఇంకో ఊరికి పోయినాడు. ఆయన కూడా వచ్చిన దారిన పోలేదు సూడు."

అక్కడి నుంచి ఎక్కడం మొదలు. రాళ్లు పరిచిన బాట వంకర్లు తిరుగుతూ పోతుంది. వంపు తిరిగిన ప్రతిచోటా ఒక వాకిలి, పక్కన బురుజు. మొత్తం 15 బురుజులు, 15 వాకిళ్లు అంటారు. మేము లెక్కపెట్టినప్పుడు ఒక్కసారీ 15 రాలేదు. పడిపోయిన వాకిలిని ఒకరు లెక్కేసేవాళ్లు, ఒకరు వదిలేసేవాళ్లు. వాకిలి కింద అడుగు పెట్టగానే ఒక్కసారిగా చల్లగా ఉంటుంది. ఎండలోంచి వచ్చి ఆ నీడలో రాతికి వీపు ఆనిస్తే, ఆ చల్లదనం చొక్కాలోంచి ఒంట్లోకి దిగేది. గబ్బిలాల వాసన వచ్చేది. అయినా మాలో ఎవరికీ లేవబుద్ధయ్యేది కాదు.

చిన్నాయనకు ఒక అలవాటు ఉండేది. దారిలో పెద్ద గుండు కనపడితే చేతిలో చిన్న రాయితో టక్కున కొట్టి చెవి పెట్టేవాడు. కొన్ని గుండ్లు గంట మోగినట్టు మోగేవి. కొన్ని మొద్దుగా పలికేవి. "ఇది లోపల పగిలింది" అనేవాడు. మాకు పైకి పగులు కనపడేది కాదు. పట్టాను సుత్తితో కొట్టి, శబ్దం బట్టి లోపం కనుక్కునే మనిషి ఆయన. మేమూ కొట్టేవాళ్లం, అన్నీ ఒకేలా వినపడేవి. నాకు పన్నెండో ఏట అనుకుంటా, ఒక గుండు కొట్టి "చిన్నాయనా, ఇది పగిలింది" అన్నాను. ఆయన వచ్చి కొట్టి, తల ఊపాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఇక నీళ్ల కథ. ఆ ఏడు క్యాన్ నా వంతు. నాలుగో వాకిలి దాటాక, అన్న కంటే ముందు పోవాలన్న తొందరలో కాలు జారి పడ్డాను. మోకాలు కొట్టుకుపోయింది, అది పెద్ద సంగతి కాదు. క్యాన్ దొర్లి మూత ఊడిపోయింది. నీళ్లు బండ మీద పాకి, మేము చూస్తుండగానే ఆరిపోయాయి. అక్టోబరు ఎండ. ఇంకా సగం కొండ ఎక్కాలి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తమ్ముళ్లు "ఆడపిల్లకు ఇస్తే ఇట్లే" అన్నారు. చిన్నాయన వాళ్లను ఒక్క చూపు చూసి, నా మోకాలికి తన తువ్వాలు చింపి కట్టాడు. తర్వాత మా అందర్నీ ఒక పాత బావి దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. కొండ మీద ఇట్లాంటి బావులు, బండల్లో తొలిచిన దొనలు చాలా ఉన్నాయి. వాన కురిస్తే బండ మీద పడిన ప్రతి చుక్కా వాటిలోకి చేరేట్టు కట్టారు. ఆ ఏడు వానల్లేక ఆ బావిలో అడుగున పచ్చటి బురద తప్ప ఏమీ లేదు.

"ఈ కోట ఎట్ల పడిపోయిందో తెల్సునా?" అని అడిగాడు. మాకు ఫిరంగులు గుర్తొచ్చాయి. "ఫిరంగులతో కాదు. నీళ్లు అయిపోయి."

మురారిరావు ఘోర్పడే అనే మరాఠా సర్దారు ఈ కోటను ముప్పై ఏళ్లు ఏలాడు. హైదర్ అలీ వచ్చి చుట్టుముట్టాడు. ఈ బండల మీదికి ఫిరంగులతో ఎక్కడం ఎవరి తరమూ కాలేదు. నెలలు గడిచాయి. దొనల్లో, బావుల్లో నీళ్లు అడుగంటాయి. 1776లో మురారిరావు కోట అప్పగించాడు. విజయనగరం బుక్కరాయల కాలపు శాసనం ఒకటి ఈ గుత్తిని దుర్గాలకు రాజు అని పొగిడింది. అట్లాంటి కోట దప్పికకు లొంగింది. చిన్నాయనకు శాసనం సంగతి తెలియదు, తేదీలూ తెలియవు. కానీ నాలుక పిడచకట్టుకుపోయి ఉన్న నలుగురు పిల్లలకు, ఎండిన బావి పక్కన కూర్చోబెట్టి ఆ కథ చెప్పాడు. ఏ బళ్లో ఏ మాస్టరూ నాకు చరిత్రను అంత బాగా చెప్పలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మాది. నీళ్లు పోవడం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వేరేగా చెప్పనక్కర్లేదు.

దప్పిక తీర్చింది సీతాఫలాలు. బురుజుల సందుల్లో, రాళ్ల మధ్య ఎవరూ నాటకుండానే పెరిగిన చెట్లు. దసరాకు కళ్లు విచ్చుకుని ఉంటాయి. కొమ్మ మీద మగ్గిన కాయ వేలితో నొక్కితే విడిపోతుంది. ఒక్కొక్కరం నాలుగైదు తిన్నాం. గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారో పందెం వేశాం. నా మోకాలు సంగతే మరిచిపోయాను.

పైన, కొండ అంచున, సున్నంతో నున్నగా చేసిన చిన్న మంటపం ఉంది. మురారిరావు గద్దె అంటారు. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడనీ, నేరస్తులను పైనున్న కొమ్ము మీంచి తోయిస్తుంటే చూసేవాడనీ చెప్పుకుంటారు. ఆ రెండో మాట విన్నప్పుడల్లా నా అరికాళ్లు జలదరించేవి. అయినా మాకు ఆ చోటే ప్రాణం. అక్కడే సద్ది విప్పేవాళ్లం. గాలి రొట్టె ముక్కను చేతిలోంచి లాక్కునేంతగా వీచేది.

అక్కడి నుంచి ఏమి కనపడుతుందంటే, నేను ఇంకా కళ్లు మూసుకుని చెప్పగలను. సరిగ్గా కాళ్ల కింద పాత ఊరు. మిద్దెల మీద ఆరబోసిన మిరపకాయలు, ఎర్రటి చాపలు పరిచినట్టు. ఊరి చుట్టూ మిగతా కొండలు, వాటిని కలుపుతూ పాముల్లా పోయే కోట గోడలు. ఆ గోడల అవతల చేలు. ఒక పక్క ఎర్రనేల, చెనిక్కాయ పైరు. ఒక పక్క నల్లరేగడి. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద లారీలు చీమల బారు. ఉత్తరాన పత్తికొండ దారి. ఆ దారిలోనే ఎర్రగుడి, అశోకుడి శాసనాలున్న గుండ్లు. ఆ వైపే జొన్నగిరి, తుగ్గలి, తొలకరి వానకు జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతుక్కునే ఊళ్లు. మా చిన్నమ్మ వాళ్ల అన్న ఏటా పోయేవాడు. ఆయనకు ఎప్పుడూ ఏమీ దొరకలేదు, ఏటా పోవడం మానలేదు.

ఒక ఏడు అక్కడ కూర్చుని ఉండగానే వాన రావడం చూశాం. నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. దూరంగా, గుంతకల్లు వైపు, ఆకాశం నుంచి నేలకు బూడిద రంగు తెర దిగింది. అది నడుస్తోంది. ఒక్కో చేను రంగు మారుతోంది. ఎండిన ఎరుపు తడిసిన ఎరుపు అవుతోంది. ఏ చేను దాకా వచ్చిందో వేలితో చూపిస్తూ కేకలు వేశాం. ముందు వాసన వచ్చింది, తర్వాత చల్లగాలి, ఆ తర్వాత చినుకులు. చిన్నాయన తడుస్తూ నిలబడి, "కాయ ఊరతాది" అన్నాడు. ఆయనకు సెంటు భూమి లేదు. ఎవరి చేలో కాయ ఊరినా ఆయనకు సంతోషమే.

మాకు ఇష్టమైన ఆట మాత్రం గూడ్సు బండి. ముంబై నుంచి మద్రాసు పోయే పాత లైను అది. ఊరికి అవతల స్టేషను. గూడ్సు నిదానంగా వంపు తిరుగుతుంటే నలుగురం ఊపిరి బిగబట్టి వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. నలుగురికీ నాలుగు లెక్కలు వచ్చేవి. దిగేదాకా అదే పోట్లాట. చిన్నాయన మధ్యలో కల్పించుకునేవాడు కాదు. కింద ఊర్లోకి దిగాక మాత్రం అడిగేవాడు: "పైన మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా?" మేము చెప్పగానే, ఆ రకం బండికి ఎన్ని ఉంటాయో ఆయన చెప్పేవాడు. తీర్పు అయిపోయేది.

దిగే దారి గురించి చెప్పాలి. వచ్చిన బాటలో కొంత దూరం దిగి, ఒక పడిపోయిన గోడ దగ్గర పక్కకు తిరగాలి. అక్కడి నుంచి మేకల వాళ్లు తొక్కిన కాలిదారి. బోద గడ్డి మోకాళ్ల దాకా, పచ్చగా పూసిన తంగేడు, జెముడు పొదలు. గోడ వెంట నడుస్తూ ఒక కొండ నుంచి ఇంకో కొండ మీదికి దాటి, ఊరి రెండో కొసన దిగుతాం. ఎక్కేటప్పుడు ముఖం మీద ఉన్న ఎండ, దిగేటప్పుడు వీపు మీదికి వస్తుంది. ఎక్కేటప్పుడు మొండి గోడలా నిలబడిన కొండ, ఇటు నుంచి చూస్తే మోకాళ్లు మడుచుకుని కూర్చున్న ముసలాయన లాగా ఉంటుంది. ఈ రెండో ముఖం చూపించడానికే చిన్నాయన మమ్మల్ని చుట్టు తిప్పేవాడని నా నమ్మకం.

ఆ దారిలో ఒకచోట నున్నటి బండ, ఒక ఇల్లంత పొడవు, ఏటవాలుగా. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మొదటిసారి నేను దాని నడుమ బిగుసుకుపోయాను. కిందికి చూస్తే కళ్లు తిరిగాయి. చిన్నాయన కింది నుంచి అరవలేదు, పైకి వచ్చి పట్టుకోనూ లేదు. నా పక్కనే బండ మీద కూర్చున్నాడు. "చెప్పులు తీసి కిందికి పారెయ్. నీకు నాలుగు ఉన్నాయి, రెండు చేతులు, రెండు కాళ్లు. ఒక్కటే కదలాల. మూడు బండను విడవకూడదు. ఒకటి కదిలిచ్చు. ఆఁ. ఇప్పుడు ఇంకొకటి." పొద్దు వంగుతోంది, బండ ఇంకా వెచ్చగా ఉంది. అరచేతుల కింద ఆ గరుకు, ఆ వెచ్చదనం ఇప్పటికీ నాకు తెలుస్తుంటాయి. ఆపరేషన్ థియేటర్లోకి తీసుకుపోతున్నప్పుడు, అమ్మ పోయిన రోజు ఆసుపత్రి మెట్లు దిగుతున్నప్పుడు, నేను మనసులో అనుకున్నది అదే. ఒక్కటే కదలాల. మూడు విడవకూడదు.

పెళ్లయి కర్నూలు పోయాక గుత్తికి రావడం తగ్గిపోయింది. ఎర్రగుడి శాసనం గురించి చదివినప్పుడు మాత్రం ఆగలేక చిన్నాయనకు ఫోన్ చేశాను. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి, చేను దున్నే ఎద్దులు కొసన తిరిగి వచ్చినట్టు. చెప్తే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే ఆ చెక్కినాయప్పది కూడా మా డ్యూటీనే" అన్నాడు.

పోయిన దసరాకు కూతురిని తీసుకుని పోయాను. చిన్నాయన రిటైరై చాలా ఏళ్లయింది. మోకాళ్లు అరిగిపోయాయి. అన్ని వేల మైళ్లు కంకర మీద నడిచిన మోకాళ్లు. మొదటి వాకిలి దాకా కూడా రాలేనన్నాడు. "మీరు పోయి రాండి. నేను అవతల, దిగేచోట ఉంటా" అన్నాడు. మనవడు ఆటోలో దించుతాడట.

దారి నేను మరిచిపోలేదు. పడిపోయిన గోడ ఇంకొంచెం పడిపోయింది, అంతే. పాప వాకిళ్లు లెక్కపెట్టింది, 13 వచ్చాయి. సీతాఫలం తింది. గద్దె దగ్గర అంచుకు పోకుండా నా కొంగు పట్టుకుని కూర్చుంది. గూడ్సు బండి వచ్చింది. లెక్కపెట్టమని నేను చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. నున్నటి బండ దగ్గర చెప్పులు విప్పించి, పక్కన కూర్చుని, నాలుగింటి సంగతి చెప్పాను. నా కంటే వేగంగా దిగింది.

కింద వేపచెట్టు కింద, ఎవరో ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నీళ్ల సీసా. మమ్మల్ని దూరం నుంచే చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. పాప పరుగున పోయి, "తాతా, యాభై ఎనిమిది!" అంది.

"పైన మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా?"

"తెరిచే ఉన్నాయి. లోపల నల్లగా."

"బొగ్గు. చివర్లో గార్డు డబ్బా కలిపినావా, వదిలినావా?"

పాప కాసేపు ఆలోచించింది. "వదిలినా."

"అయితే సరిపోయింది పో" అని దాని తల నిమిరి, నీళ్ల సీసా ఇచ్చాడు. నేను ఆటో కోసం ఫోన్ తీశాను. చిన్నాయన నా చెయ్యి పట్టుకుని పైకి లేచాడు. "ఆటో వద్దు మ్మే, అది వచ్చిన రోడ్డుకే తిప్పుతాది. ఈ సందులో పోదాం. నిదానంగా నడుస్తా, ఏం కాదు."

ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి పాప పట్టుకున్నాం.